పాల అమ్మకం: మూలం నుంచి ఆలోచించడం, చేసి నేర్చుకోవడం

సంఘ సమావేశాల్లో సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "మేము పాలు పోస్తాము, వెన్న పరీక్ష చేయించుకుంటాము, బిల్లు రోజున డబ్బు తీసుకుంటాము. ఆ పాలు పట్నంలో ఎట్లా అమ్ముడుపోతాయో మాకెందుకు? దానికి డెయిరీలో అధికారులున్నారు గదా!" ప్రశ్న సహజమైనదే. అయితే మన బిల్లులో పడే ప్రతి రూపాయి పట్నంలో పాకెట్టు కొనే గృహిణి చేతి నుంచే బయలుదేరుతుంది. ఆ రూపాయిలో రవాణా, శీతలీకరణ, ప్యాకింగు, ఏజెంటు కమీషను పోగా మిగిలినదే మన పాల ధర. గృహిణి మన పాకెట్టు మాని మరొకటి కొన్న నాడు మన ధర నిలబడదు. కాబట్టి అమ్మకం గురించి ఆలోచించడం సభ్యుని పని కూడా.

అమ్మకం అనగానే చాలామందికి గోడల మీద ప్రకటనలు, రంగు రంగుల బోర్డులు గుర్తుకు వస్తాయి. వాటి పని వాటికుంది. కాని వాటికి ముందు జరగవలసిన ఆలోచన మరొకటి ఉంది. దాన్ని ఈ వ్యాసంలో రెండు భాగాలుగా వివరిస్తాము. మొదటిది, విషయాన్ని మూలం దాకా తీసుకువెళ్ళి ఆలోచించడం. రెండవది, చిన్న ఎత్తున చేసి చూసి, ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం. ఈ రెండింటికీ పెద్ద చదువు అక్కరలేదు. పాడి రైతు తన కొట్టంలో రోజూ చేసే పనే ఇది.

పదిమంది మాట, అసలు సంగతి

గేదె ఒక పూట పాలు తగ్గించిందనుకోండి. పక్కింటివారు "దిష్టి తగిలింది" అంటారు. మరొకరు "మా గేదెకు ఫలానా దాణా పెడితే సర్దుకున్నది, నువ్వూ పెట్టు" అంటారు. అనుభవమున్న రైతు ఈ మాటలు విని ఊరుకోడు. మేత మారిందా, నీళ్ళు చాలినన్ని తాగిందా, ఎదకు వచ్చిందా, పొదుగులో వాపు ఉందా, చూడి ఎన్నో నెల అని ఒక్కొక్కటే చూసుకుంటాడు. ఎవరి మాట మీదా ఆధారపడకుండా తాను కళ్ళారా చూడగలిగిన సంగతుల దాకా వెళ్ళి, అక్కడి నుంచి కారణాన్ని కట్టుకుంటూ వస్తాడు. మూలం నుంచి ఆలోచించడమంటే ఇదే.

అమ్మకంలోనూ "అందరూ ఇట్లాగే చేస్తున్నారు", "ఇది ఎప్పుడూ సాధ్యం కాలేదు" అన్న మాటలు చాలా వినిపిస్తాయి. వాటిలో కొన్ని నిజాలు, కొన్ని అలవాట్లు. ఏది నిజమో, ఏది కేవలం అలవాటో విడదీయడమే మొదటి పని. మన సహకార పాడి ఉద్యమ చరిత్రలోనే ఇందుకు చక్కని ఉదాహరణలున్నాయి.

గేదె పాలపొడి

గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు 1946లో, తమ పాలను దళారుల ద్వారా అమ్మడానికి నిరాకరించి పదిహేను రోజులు పాలు పోయడం మానివేశారు. సర్దార్ పటేల్ సలహాపై, త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన ఆ ఏడాది డిసెంబరు 14న వారి జిల్లా యూనియన్ రిజిస్టరు అయింది. 1948లో బొంబాయికి పాలు పంపడం మొదలయింది. అంతటితో కష్టాలు తీరలేదు. చలికాలంలో గేదెలు ఎక్కువగా ఇచ్చిన పాలను బొంబాయి పూర్తిగా తీసుకోలేకపోయేది. మిగిలిన పాలు ఏమి చేయాలి? పాడి రైతుకు ఇది ప్రాణసంకటం. పాలు ధాన్యం కావు, గాదెలో పోసి మంచి ధర వచ్చేదాకా ఆగడానికి.

మిగులు పాలను పొడి చేస్తే నిలవ ఉంటాయి. కాని ఆనాటి విదేశీ నిపుణులు గేదె పాలను పొడి చేయడం వీలుకాదన్నారు. అప్పటికి ప్రపంచంలో పాలపొడి యంత్రాలన్నీ ఆవు పాల దేశాల్లో, ఆవు పాల కోసం తయారైనవే. "ఎవరూ చేయలేదు" అన్న మాటే "చేయడం కుదరదు" అన్న మాటగా మారిపోయింది. ఆనంద్‌లో వర్గీస్ కురియన్‌తో కలిసి పనిచేస్తున్న హెచ్. ఎం. దలాయా ఆ తీర్పును అంగీకరించలేదు. పొడి చేయడమంటే ఏమిటి? పాలలోని నీటిని తీసివేయడం. గేదె పాలలో వెన్న, ఇతర ఘనపదార్థాలు ఆవు పాలలో కన్న ఎక్కువ, కాబట్టి పద్ధతిలో మార్పులు కావలసి ఉంటాయి. అంతేగాని నీరు ఆవిరి కాకుండా ఆపే గుణమేదీ వాటిలో లేదు. ఆయన మొదట చిన్న ఎత్తున చేసి చూపి, ఆ పిమ్మట యంత్రం నెలకొల్పడానికి దారి తీశారు. 1955 అక్టోబరు 31న ప్రధాని నెహ్రూ ఆనంద్‌లో ఆ కర్మాగారాన్ని ప్రారంభించారు. ప్రపంచంలో గేదె పాలతో పొడి తయారు చేసిన మొదటి కర్మాగారం అదే.

దీనివల్ల కలిగిన లాభం ఒక కొత్త సరుకు తయారు కావడం మాత్రమే కాదు. చలికాలంలో కూడా రైతు పాలను తిప్పి పంపకుండా తీసుకోగలగడం అసలు లాభం. గేదె పాలే అధికంగా ఉన్న మన తెలుగు జిల్లాలకు కూడా ఆ తరువాత అదే మార్గం పనికి వచ్చింది.

1964 అక్టోబరులో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఆనంద్ వచ్చి, దగ్గరలోని అజర్‌పురా గ్రామంలో ఒక రాత్రి రైతుల మధ్య గడిపారు. ఇక్కడి నేల, వర్షపాతం, పచ్చిక, గేదెలు వేరేచోట్ల కన్న మెరుగేమీ కావు గదా, మరి ఇక్కడ డెయిరీ ఎందుకు విజయం పొందిందని ఆయన కురియన్‌ను అడిగారు. డెయిరీ రైతుల సొంతం కావడం, వారు నియమించుకున్న ఉద్యోగులు వారికే జవాబుదారీగా ఉండడం తప్ప వేరే తేడా లేదని తేలింది. ఆ మరుసటి ఏడాది, 1965లో, ఆనంద్‌లోనే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1970లో మొదలై 1996 దాకా సాగిన ఆపరేషన్ ఫ్లడ్‌కు అదే పునాది. శాస్త్రిగారు అనుసరించిన పద్ధతి గమనించండి. కారణం కాగల వాటినన్నిటినీ ముందు పెట్టుకొని, అన్ని చోట్లా ఒకటిగా ఉన్నవాటిని తీసివేసి, మిగిలినదాన్ని పట్టుకున్నారు.

వెన్న నేర్పిన పాఠం

మూలం నుంచి ఆలోచిస్తే చాలు, అన్నీ సరిగా వస్తాయని అనుకోరాదు. అదే ఆనంద్‌లో వెన్న అమ్మకం మరొక పాఠం నేర్పింది. కొత్త డెయిరీ తాజా మీగడతో వెన్న తీసింది. పదార్థం దృష్టితో చూస్తే అదే మేలైన వెన్న. కాని పట్నవాసులు ఏళ్ళ తరబడి పోల్సన్ వెన్నకు అలవాటు పడి ఉన్నారు. అది కాస్త పులిసిన మీగడతో తీసినది, ఉప్పగా, పసుపుపచ్చగా ఉండేది. తాజా వెన్న వారికి చప్పగా, తెల్లగా కనిపించింది. అది మంచిదని వాదించి ప్రయోజనం లేకపోయింది. ఆనంద్ వారు తమ వెన్నలో ఉప్పు, రంగు చేర్చి, కొనేవారి నాలుకకు దగ్గరగా తెచ్చారు. వెన్న నిలదొక్కుకుంది.

సరుకు గురించిన నిజం మన దగ్గర ఉంటుంది. కొనేవారి గురించిన నిజం కొనేవారి దగ్గర ఉంటుంది. రెండవదాన్ని మన గదిలో కూర్చుని ఊహించలేము. అమ్మి చూసి, విని, సరిదిద్దుకోవలసిందే. ప్రసిద్ధమైన అమూల్ పాప బొమ్మ ప్రకటనల్లోకి వచ్చింది 1966లో. అంటే యూనియన్ ఏర్పడిన 20 సంవత్సరాలకు. అప్పటికే సరుకు, సరఫరా, రుచి కుదిరి ఉన్నాయి కాబట్టి ప్రకటన పని చేసింది.

"పాకెట్ పాలు గట్టిగా తోడుకోవు"

ఇక మన ఇళ్ళకు వద్దాము. పట్నంలో మన పాల గురించి వినిపించే ఫిర్యాదుల్లో ముఖ్యమైనది, పెరుగు గట్టిగా రాదన్నది. "నీళ్ళు కలుపుతున్నారు" అని కొందరు తేల్చి చెబుతారు. కోపగించుకోకుండా ఈ మాటను మూలం దాకా తీసుకువెళదాము.

పెరుగు గట్టిదనం పాలలోని మాంసకృత్తుల వల్ల, వెన్న వల్ల వస్తుంది. మన గేదె పాలలో సాధారణంగా 6 నుంచి 8 శాతం వెన్న, 9 శాతానికి పైబడి వెన్న కాని ఘనపదార్థాలు ఉంటాయి. పాకెట్ పాలలో రకాలున్నాయి. నిర్ణీత ప్రమాణాల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో వెన్న 6 శాతం, ఇతర ఘనపదార్థాలు 9 శాతం ఉండాలి. స్టాండర్డ్ పాలలో ఇవి 4.5, 8.5 శాతాలు. టోన్డ్ పాలలో 3, 8.5. డబుల్ టోన్డ్ పాలలో 1.5, 9. పల్లెలో గేదె పాలు వాడుకగా పోయించుకున్న కుటుంబం పట్నం వెళ్ళి టోన్డ్ పాలు కొని తోడు పెడితే, ఆ పెరుగు పాత పెరుగులా ఉండదు. ఇందులో మోసం లేదు. బొంబాయిలో 1940ల్లో డి. ఎన్. ఖురోడీ ప్రవేశపెట్టిన టోన్డ్ పాల ఉద్దేశమే, గేదె పాలకు వెన్న తీసిన పాలపొడి, నీరు చేర్చి, పోషకం తగ్గకుండా ధర తగ్గించి, సామాన్య కుటుంబానికి అందించడం.

అయితే కొనే ఆమెకు ఈ సంగతి ఎవరు చెప్పారు? ఏజెంటు చెప్పలేదు. పాకెట్టు మీద చిన్న అక్షరాల్లో ఉన్నది ఆమె చదవలేదు. కాబట్టి ఇక్కడ కావలసింది కొత్త ప్రకటన కాదు. "పెరుగుకు ఫుల్ క్రీమ్, టీకి, పిల్లలు తాగడానికి టోన్డ్" అని ప్రతి ఏజెంటూ ప్రతి ఇంటికీ చెప్పగలగడం. తోడు పెట్టేటప్పుడు పాలు గోరువెచ్చగా ఉండాలని, తోడు తాజాది కావాలని, చలికాలంలో గిన్నెను వెచ్చని చోట ఉంచాలని కూడా చెప్పగలగాలి. పట్నంలో ఉన్న మన పిల్లలు, బంధువులు ఎందరో! వారికి ఈ మాట చెప్పడం సభ్యులందరూ చేయగల అమ్మకపు పని.

ఎందుకని అడుగుతూ పోవడం

మరొక ఫిర్యాదు చూడండి. ఎండాకాలంలో ఒక వీధిలో పాకెట్లు కాచగానే విరుగుతున్నాయన్నారనుకోండి. ఎందుకు? దుకాణానికి పాకెట్లు వచ్చేసరికే పాలలో ఆమ్లత పెరిగి ఉంది. ఎందుకు? డెయిరీకి వచ్చిన పాలలోనే సూక్ష్మజీవులు ఎక్కువగా ఉన్నాయి. ఎందుకు? పాలు శీతలీకరణ కేంద్రానికి చేరి 4 డిగ్రీలకు చల్లబడేలోగా చాలా సేపు వేడిలో ఉన్నాయి. ఎందుకు? గ్రామం నుంచి వాహనం ఆలస్యంగా కదిలింది. ఎందుకు? సంఘం దగ్గర పాల సేకరణ నిర్ణీత వేళకు ముగియలేదు. ఎందుకు? నలుగురు సభ్యులు ఆలస్యంగా క్యాన్లు తెచ్చారు, వారికోసం అందరి పాలూ ఆగాయి.

అన్ని సందర్భాల్లోనూ కారణం గ్రామం దాకా రాకపోవచ్చు. దుకాణదారు ఫ్రిజ్ సరిగా పనిచేయకపోయి ఉండవచ్చు. అందుకే మెట్టు మెట్టుకూ నిలిచి, అక్కడ నిజంగా ఏమి జరిగిందో చూసి, తరువాతే కింది మెట్టుకు దిగాలి. చూడకుండా దిగితే తప్పు మరొకరి మీదికి తోయడమవుతుంది. ఒకటి మాత్రం ఖాయం. పాలు పితికినప్పటి నుంచి చల్లబడేదాకా గడిచే ప్రతి గంటా పాల ఆయుస్సును తగ్గిస్తుంది. పొదుగు, చేతులు, గిన్నె శుభ్రంగా ఉండడం, వేళకు కేంద్రానికి రావడం పట్నంలో మన పేరు నిలబెట్టే పనులు.

ఎండాకాలపు ధర లెక్క

కొరత కాలంలో ప్రైవేటు వ్యాపారి వచ్చి లీటరుకు ఎక్కువ ఇస్తానంటాడు. సభ్యునికి ఆశ కలగడం తప్పు కాదు. దీన్ని కూడా లెక్క వేసి చూడాలి. ఉదాహరణకు ఒక సభ్యుడు రోజుకు 5 లీటర్లు పోస్తాడనుకుందాము. వ్యాపారి 120 రోజులు లీటరుకు 3 రూపాయలు ఎక్కువ ఇచ్చాడు. లాభం 1,800 రూపాయలు. పుష్కల కాలంలో మిగిలిన 245 రోజులు 2 రూపాయలు తక్కువ ఇచ్చాడు. నష్టం 2,450 రూపాయలు. ఏడాది మొత్తం మీద 650 రూపాయలు పోయాయి. సంఘం ఇచ్చే బోనసు, పశువైద్యం, దాణా సౌకర్యాలు ఈ లెక్కలో చేరలేదు.

ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు మాత్రమే. ప్రతి సభ్యుడూ తన పాసుపుస్తకంలోని అంకెలతో ఈ లెక్క వేసుకోవాలని కోరుతున్నాము. వెన్న శాతం చూసి కట్టిన ధరను, చూడకుండా లీటరు లెక్కన కట్టిన ధరను పోల్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. లెక్కలో వ్యాపారి పక్షమే మొగ్గితే ఆ కాగితాన్ని సర్వసభ్య సమావేశంలో పెట్టండి. పాలకవర్గం దానికి జవాబు చెప్పవలసి ఉంది. సంఘం మనది కాబట్టి ఆ ప్రశ్న అడిగే హక్కు మనకుంది.

ఈ లెక్కకు పట్నంలో మరొక వైపు ఉంది. ఎండాకాలంలో వారం రోజులు మన పాకెట్టు దొరకకపోతే గృహిణి మరొక డెయిరీకి మారుతుంది. చలికాలంలో పాలు వెల్లువగా వచ్చినప్పుడు ఆమె మన దగ్గర ఉండదు. అప్పుడు ఆ పాలను పొడిగా, వెన్నగా మార్చి ఆనాటి బజారు ధరకు అమ్ముకోవలసిందే. ఆ ధర మన చేతిలో ఉండదు. ఈ విధంగా ఎండాకాలంలో బయటికి పోయిన పాలు చలికాలంలో ఊరందరి ధరనూ తగ్గిస్తాయి.

చేసి నేర్చుకునే పద్ధతి

సంఘం స్థాయిలో స్థానిక అమ్మకాన్ని తీసుకుందాము. అది పెరగడం లేదని పాలకవర్గం భావించినప్పుడు వెంటనే ధర తగ్గించడం, బోర్డు పెట్టడం, వేళ మార్చడం అన్నీ ఒకేసారి చేస్తారు. అమ్మకం పెరిగినా, తగ్గినా దేనివల్లనో తెలియదు. అందుచేత ఈ విధంగా చేయవలసిందని సూచిస్తున్నాము.

మొదట, మార్పు చేయకముందు 15 రోజుల పాటు రోజూ ఎన్ని లీటర్లు అమ్మారో, ఎన్ని ఇళ్ళవారు వచ్చారో, ఎందరు పాలు అయిపోయి తిరిగి వెళ్ళారో పుస్తకంలో రాయాలి. ఈ మూడవ అంకె సాధారణంగా ఎవరూ రాయరు. అమ్మగలిగి అమ్మలేకపోయిన పాలు ఎన్నో తెలిపేది అదే.

రెండవది, ఒక్క మార్పు మాత్రమే చేయాలి. ఉదాహరణకు ఉదయం అమ్మకం అరగంట ముందు మొదలుపెట్టాలి. ఏమి జరుగుతుందని అనుకుంటున్నారో ముందే రాసి పెట్టాలి. ముందే రాయకపోతే, ఏమి జరిగినా "మేము అనుకున్నదే" అని మనను మనమే నమ్మించుకుంటాము.

మూడవది, మరి 15 రోజులు అదే విధంగా రాయాలి. పండుగలు, పెళ్ళిళ్ళు ఉన్న రోజులను విడిగా గుర్తించాలి. సంక్రాంతి నాటి అమ్మకాన్ని మామూలు రోజుతో పోల్చరాదు.

నాలుగవది, కొనడం మానినవారి ఇంటికి వెళ్ళి కారణం అడగాలి. కొంటున్నవారు మర్యాదకు బాగుందంటారు. మానినవారే అసలు సంగతి చెబుతారు. జవాబు చెప్పేటప్పుడు వాదించరాదు, రాసుకొని రావాలి.

పెరుగు వంటి కొత్త సరుకు అమ్మదలచిన సంఘాలు ముందుగా యూనియన్ అనుమతి, 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం కావలసిన నమోదు చూసుకోవాలి. ఆ తరువాత కూడా కొద్ది పాలతోనే మొదలుపెట్టాలి. తప్పు జరిగితే పది లీటర్లతో పోవాలి గాని సభ్యుల బోనసుతో పోరాదు.

ఇతరులకు చెప్పగలగడం

మనకు ఒక విషయం తెలిసిందా, లేదా అన్నదానికి మంచి పరీక్ష, దాన్ని తెలియనివారికి మామూలు మాటల్లో చెప్పి చూడడం. "నిన్న వెన్న 6.8 వచ్చింది, ఇవాళ 6.2 వచ్చిందేమి?" అని ఒక సభ్యురాలు అడిగితే, "యంత్రం అట్లా చూపింది" అని చెప్పి పంపితే కార్యదర్శికి జవాబు తెలియనట్లే. పొదుగులో చివరి ధారల్లో వెన్న ఎక్కువ, వాటిని దూడకు వదిలితే శాతం తగ్గుతుంది. నమూనా తీసేముందు పాలు బాగా కలపకపోయినా తేడా వస్తుంది. మేత మార్పు కూడా కారణం కావచ్చు. ఇట్లా చెబితే ఆమె రేపు తాను చూసుకోగలుగుతుంది, పరీక్ష మీద నమ్మకం కలుగుతుంది.

ఆపరేషన్ ఫ్లడ్ కాలంలో ఇతర రాష్ట్రాల రైతులను ఆనంద్ తీసుకువెళ్ళి అక్కడి సంఘాలను చూపించేవారు. రైతు చెప్పిన మాటను రైతు నమ్ముతాడు. మన యూనియన్లలో కూడా బాగా నడుస్తున్న సంఘానికి పొరుగు సంఘంవారు వెళ్ళి, ఒక ఉదయం సేకరణ మొదలు నుంచి చివరిదాకా చూసి రావడం మంచిది. అక్కడ చేసినదాన్ని అట్లాగే దించుకోరాదు. వారికి అది ఎందుకు కుదిరిందో, ఆ కారణం మన ఊళ్ళో ఉందో లేదో చూసుకోవాలి.

రాబోయే సర్వసభ్య సమావేశంలో ప్రతి సంఘమూ ఈ మూడు ప్రశ్నలకు చోటు ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. మన పాల గురించి కొనేవారు చేసిన ఫిర్యాదు ఏది, దాని మూలం ఎక్కడ ఉంది? మన సంఘంలో "ఎప్పుడూ ఇంతే" అని వదిలేసిన పద్ధతి ఏది, దానికి నిజమైన కారణం ఉందా? వచ్చే నెలలో చేసి చూడదగిన ఒక్క చిన్న మార్పు ఏది? జవాబులను తీర్మానాల పుస్తకంలో రాసి, 15 రోజుల లెక్కలతో యూనియన్‌కు పంపండి. పట్నంలో మన పాకెట్టు అడిగి తీసుకునే ఇళ్ళు పెరిగితేనే, ఎండాకాలంలోనూ చలికాలంలోనూ మన పాలకు నిలకడైన ధర ఉంటుంది.